చిన్న షాపు నెట్‌వర్క్‌కి ఫైర్‌వాల్ ఎంచుకోవడం ఎలా? సరిహద్దు ఊళ్లలోని మనవాళ్ల కోసం

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం... ఈ ఊళ్లలో మనవాళ్లు నడిపే హోల్‌సేల్ షాపుల్లో, మందుల దుకాణాల్లో, ల్యాబుల్లో, కోచింగ్ సెంటర్లలో ఇప్పుడు దాదాపు ఒకే సరంజామా కనిపిస్తుంది. గోడకి ఫైబర్ బాక్స్, దాని కింద నెట్‌వర్క్ వైర్లన్నీ కలిపే ఒక స్విచ్, బిల్లింగ్‌కి రెండు మూడు కంప్యూటర్లు, వాటిలో ఒకదాంట్లో లెక్కలన్నీ ఉన్న టాలీ డేటా, పైన మూలన కెమెరాల రికార్డింగ్ దాచే డీవీఆర్, ఇక అందరి ఫోన్లూ. అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద. దీనికి ఫైర్‌వాల్, అంటే బయటి ఇంటర్నెట్‌కీ లోపలి కంప్యూటర్లకీ మధ్య కాపలా కాసే పెట్టె, పెట్టిద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ కంపెనీది కొనాలి?" అని. ఆ ప్రశ్న ఐదో అడుగులో వస్తుంది. ముందు నాలుగు పనులు చేసుకుంటే ఏది కొనాలో సగం దానంతటదే తేలిపోతుంది. కొంతమందికైతే కొనాల్సిన అవసరమే రాదు.

1. ముందు కాగితం మీద రాసుకోండి

నెట్‌కి తగిలించిన ప్రతి వస్తువు పేరూ ఒక కాగితం మీద వరసగా రాయండి. ప్రింటర్, స్మార్ట్ టీవీ, వేలిముద్ర హాజరు మెషిన్, ఏదీ వదలొద్దు. ప్రతి పేరు ఎదురుగా రెండు ప్రశ్నలకి జవాబు రాయండి. దీనికి ఇంటర్నెట్ కావాలా? బయటి నుంచి ఎవరైనా దీంట్లోకి రావాలా?

రెండో ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. లెక్కలు రాసే ఆయన పక్కనే ఉన్న పాతపట్నంలోనో, పలాసలోనో ఉంటాడు, రాత్రిపూట ఇంటి నుంచి టాలీలోకి వస్తాడు. యజమాని విశాఖ వెళ్లినప్పుడు ఫోన్‌లో కెమెరాలు చూసుకుంటాడు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు భువనేశ్వర్ నుంచి రిపేర్ చేస్తారు. ఇవన్నీ బయటి నుంచి లోపలికి దారులే. ఒక్కోదాన్నీ ఎవరు, ఎప్పుడు, ఎలా తెరిచారో తెలియకుండా ఎంత ఖరీదైన పెట్టె తెచ్చి పెట్టినా, ఆ దారులు అలాగే తెరుచుకుని ఉంటాయి. ఎందుకంటే పెట్టె బిగించడానికి వచ్చినవాడు "ముందు ఏవి పనిచేసేవో అవన్నీ పనిచేయాలి" అనే లెక్కతోనే అమర్చి వెళ్తాడు.

2. ఫైబర్ బాక్సులో ఇప్పటికే ఏముందో చూడండి

ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన బాక్స్ సెట్టింగ్స్ పేజీ తెరవండి. చిరునామా, పాస్‌వర్డ్ సాధారణంగా బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. ఆ పేజీలో నాలుగు విషయాలు వెతకండి.

మొదటిది, వ్యాన్ ఐపీ, అంటే ఇంటర్నెట్ వైపు మీ బాక్సుకి ఉన్న చిరునామా. అది 10తో గానీ, 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో గానీ మొదలైతే మీరు కంపెనీ వాళ్ల ఉమ్మడి చిరునామా వెనక ఉన్నట్టు. బయటివాళ్లు ఆ పాత తరహా ఐపీ ద్వారా నేరుగా మీ తలుపు తట్టలేరు. అలా కాకుండా కెమెరాల కోసమని నెలనెలా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత చిరునామా) తీసుకుని ఉంటే, ప్రపంచం మొత్తం మీ తలుపు తట్టగలదు, తడుతూనే ఉంటుంది కూడా. అంతటా పోర్టులు, అంటే లోపలికి వచ్చే నంబర్ల తలుపులు, వెతుకుతూ తిరిగే ప్రోగ్రాములకి మీది బరంపురమా బెంగళూరా అన్న తేడా ఉండదు.

రెండోది, ఐపీవీ6, అంటే కొత్త తరహా ఐపీ. దీన్ని చాలామంది చూడరు. పాత ఐపీలో లోపలి కంప్యూటర్లన్నీ ఒకే చిరునామా వెనక దాక్కుంటాయి. ఐపీవీ6లో అలా కాదు, ప్రతి ఫోన్‌కీ ప్రతి కంప్యూటర్‌కీ సొంత బహిరంగ చిరునామా వస్తుంది. అందుకని బాక్సులో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో విడిగా చూడాలి. లేకపోతే ఆన్ చేయండి. ఆ ఆప్షనే లేని బాక్స్ అయితే ఐపీవీ6నే ఆపేయండి.

మూడోది, యూపీఎన్‌పీ. ఇది ఆన్‌లో ఉంటే లోపలి వస్తువులు మిమ్మల్ని అడక్కుండానే బయటికి పోర్టులు తెరుచుకుంటాయి. షాపులో దీనితో పని లేదు, ఆఫ్ చేయండి. నాలుగోది పోర్ట్ ఫార్వర్డింగ్ జాబితా, అంటే బయటి నుంచి ఏ పోర్టు లోపలి ఏ వస్తువుకి తెరిచి ఉందో చెప్పేది. అక్కడ కనిపించే ప్రతి లైనూ మీ కాగితం మీదికి ఎక్కించండి.

3. కొనకముందే మూయాల్సినవి మూసేయండి

ఆ జాబితాలో 3389 కనిపిస్తే, అది విండోస్ రిమోట్ డెస్క్‌టాప్. లెక్కల ఆయన వచ్చే దారి అదే కావచ్చు. పాస్‌వర్డ్‌లు ఊహించి ఊహించి లోపలికి దూరి, డేటా అంతటికీ తాళం వేసి డబ్బు అడిగేవాళ్లకి బాగా ఇష్టమైన దారి కూడా అదే. దాన్ని ఈరోజే తీసేయండి. ఆయన ఎలా రావాలో కింద తొమ్మిదో అడుగులో చెప్పాను.

445 (విండోస్ ఫైల్ షేరింగ్ దారి) బయటికి తెరిచి ఉంటే క్షణం ఆలస్యం చేయొద్దు. 2017 మే నెలలో ప్రపంచాన్ని వణికించిన వన్నాక్రై వైరస్ ఆ పోర్టు మీదుగానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది, అప్‌డేట్ వేసుకోని మెషిన్లే దెబ్బతిన్నాయి.

8000, 37777, 554 లాంటివి ఉంటే అవి డీవీఆర్ కోసం కెమెరాల కుర్రాడు తెరిచినవి అయ్యుంటాయి. డీవీఆర్‌ని చిన్నచూపు చూడకండి. 2016లో మిరాయ్ అనే వైరస్ సరిగ్గా ఇలాంటి డీవీఆర్‌లనీ కెమెరాలనీ లక్షల్లో పట్టుకుంది. అది చేసిందల్లా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లు ఒక అరవై రకాలు వరసగా ప్రయత్నించడం. ఆ ఏడాది అక్టోబర్ 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు పడిపోవడానికి కారణం అలా పట్టుబడిన పరికరాల సైన్యమే. మీ డీవీఆర్ పాస్‌వర్డ్ ఇంకా కంపెనీ ఇచ్చినదే అయితే ముందు అది మార్చండి.

ఇక కంప్యూటర్ల దగ్గరికి రండి. ఇది నేను షాపు తర్వాత షాపులో చూస్తున్న విషయం. టాలీ సర్వర్‌కి రెండో కంప్యూటర్ కలవకపోతే, వచ్చిన కుర్రాడు విండోస్ ఫైర్‌వాల్‌ని మొత్తం ఆఫ్ చేస్తాడు. వెంటనే కనెక్ట్ అవుతుంది, అందరూ సంతోషిస్తారు, దాన్ని మళ్లీ ఎవరూ ఆన్ చేయరు. కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్ తెరిచి చూడండి. ఎర్ర గుర్తు కనిపిస్తే ఆన్ చేయండి. తర్వాత టాలీ కలవకపోతే "అలౌ యాన్ యాప్" లోకి వెళ్లి టాలీకి మాత్రం, అదీ ప్రైవేట్ అన్న గడిలో మాత్రమే, టిక్ పెట్టండి. ఐదు నిమిషాల పని. ఒక కంప్యూటర్‌కి వైరస్ వచ్చినా పక్కదానికి పాకకుండా ఆపేది ఇదే. మీరు కొనబోయే పెట్టె గుమ్మం దగ్గర కూర్చుంటుంది, ఒకే స్విచ్ మీద ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య జరిగేది దానికి కనిపించదు.

4. దీన్ని ఎవరు చూసుకుంటారు?

నా దృష్టిలో ఎంపిక మొత్తం దీని మీదే ఉంది. స్పీడ్ మీదా కాదు, బ్రాండ్ మీదా కాదు. ఏడాదికి నాలుగైదు సార్లయినా అప్‌డేట్ వేయాలి, ఏదైనా ఆగిపోతే చూడాలి, కొత్త కంప్యూటర్ వస్తే రూల్ రాయాలి. ఆ పని చేసే మనిషి ఎవరు? మీ అబ్బాయికి నెట్‌వర్కింగ్ మీద ఆసక్తి ఉందా? ఊళ్లోనే నమ్మకమైన కుర్రాడు ఉన్నాడా? లేక ప్రతిదానికీ విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో మనిషి రావాలా? గుణుపురంలో షాపు ఆగిపోతే విశాఖ నుంచి మనిషి వచ్చేసరికి ఆ రోజు బేరం పోయినట్టే. మీ చుట్టుపక్కల ఎవరికీ తెలియని గొప్ప ఫైర్‌వాల్ కన్నా, ఊళ్లో కుర్రాడు కళ్లు మూసుకుని సరిచేయగల మామూలు ఫైర్‌వాల్ వెయ్యి రెట్లు మేలు.

ఇంకో చిన్న మాట. ఒడియా, తెలుగు, హిందీ, మీ షాపులో కూర్చునేవాళ్లకి ఏది చదవడం బాగా వస్తే ఆ భాషలోనే సెట్టింగుల కాగితం రాయించండి.

5. ఇప్పుడు ఏది కొనాలో చూద్దాం

చూసుకునే మనిషి లేడు, బయటి నుంచి ఎవరూ రానక్కర్లేదు, కంప్యూటర్లు రెండు మూడే: కొత్తది కొనకండి. ఫైబర్ బాక్స్‌లో రెండో అడుగు పూర్తిచేసి, గెస్ట్ వైఫై విడిగా పెట్టి, డీఎన్ఎస్‌ని, అంటే సైట్ పేరుకి చిరునామా వెతికిచ్చే సేవని, 9.9.9.9కి మార్చండి. క్వాడ్9 అనే ఈ ఉచిత సేవ తెలిసిన మోసపు సైట్లని తెరుచుకోకుండానే ఆపుతుంది. చాలా షాపులకి ఇంత చాలు.

కొద్దిగా తెలిసిన మనిషి ఉంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించగల రూటర్ మంచి బేరం. ఇది ఉచిత సాఫ్ట్‌వేర్, రూటర్ కంపెనీ అప్‌డేట్లు మానేసినా దీనికి వస్తూనే ఉంటాయి. వేసిన వెంటనే బయటి నుంచి వచ్చేదాన్ని తిరస్కరించేలానే ఉంటుంది. కొనేముందు ఆ మోడల్, ఆ వెర్షన్ నంబర్‌తో సహా, వాళ్ల జాబితాలో ఉందో లేదో చూసుకోండి. పేరు ఒకటే ఉండి లోపల చిప్ మారిపోయిన రూటర్లు మార్కెట్లో చాలా ఉన్నాయి.

మైక్రోటిక్ కంపెనీ రూటర్ మన కేబుల్ ఆపరేటర్ల దగ్గర పనిచేసే కుర్రాళ్లకి బాగా అలవాటు. ధర తక్కువ, పని చాలా చేస్తుంది, ఏళ్ల తరబడి నడుస్తుంది. ఒక్క జాగ్రత్త. చిన్న మోడళ్లలో ఫ్యాక్టరీ నుంచే మంచి ఫైర్‌వాల్ రూల్స్ వస్తాయి. కొందరు వాటిని తుడిచేసి ఖాళీగా మొదలుపెడతారు, అప్పుడు అందులో ఒక్క రూల్ కూడా ఉండదు. 2018లో దీని సెట్టింగ్స్ మార్చే విన్‌బాక్స్ ప్రోగ్రాము వాడే పోర్టు 8291ని బయటికి తెరిచి ఉంచినవాళ్ల రూటర్లు ప్రపంచమంతటా పెద్ద సంఖ్యలో చేజారాయి. ఇది తీసుకుంటే ఆ పోర్టు బయటికి మూసి ఉందో లేదో మీరే దగ్గరుండి చూడండి.

పదిహేను ఇరవై కంప్యూటర్లున్న కోచింగ్ సెంటర్, నర్సింగ్ హోమ్ అయితే ఓపీఎన్‌సెన్స్ గానీ పీఎఫ్‌సెన్స్ గానీ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ నా మొదటి సలహా. రెండూ ఉచితంగా దొరుకుతాయి, లైసెన్స్ రెన్యువల్ గొడవ లేదు, ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో స్పష్టంగా చూపిస్తాయి. పాత డెస్క్‌టాప్‌లో రెండు ల్యాన్ కార్డులు పెట్టి కూడా నడపొచ్చు. కానీ పాత డెస్క్‌టాప్ కరెంట్ ఎక్కువ తాగుతుంది, ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు నిలవదు. ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న ప్రాసెసర్‌తో నాలుగు ల్యాన్ పోర్టులున్న మినీ పీసీ అయితే ఎన్నో రెట్లు తక్కువ కరెంట్‌తో నడిచిపోతుంది. పోర్టుల చిప్ ఇంటెల్‌దే ఉండేలా చూసుకోండి, రియల్‌టెక్ చిప్‌లతో ఈ సాఫ్ట్‌వేర్‌కి పేచీలు వస్తుంటాయి.

చివరగా లైసెన్స్‌తో వచ్చే పెట్టెలు. ఫోర్టిగేట్, సోఫోస్ లాంటివి. మన దేశంలో ఆడిటర్ల ఆఫీసుల్లో ఒకప్పుడు సైబరోమ్ పెట్టెలు బాగా కనిపించేవి. అహ్మదాబాద్‌లో పుట్టిన ఆ కంపెనీని 2014లో సోఫోస్ కొనేసింది. ఎక్కడైనా పాత సైబరోమ్ చవగ్గా ఇస్తామంటే తీసుకోవద్దు, అప్‌డేట్లు రాని ఫైర్‌వాల్ అది. కొత్త పెట్టె విషయంలో అడగాల్సింది పెట్టె ధర కాదు, మూడేళ్ల లైసెన్స్‌తో కలిపి ఎంత అవుతుందో అడగండి. లైసెన్స్ అయిపోతే కొత్త వైరస్‌ల సమాచారం రావడం ఆగిపోతుంది. రెన్యువల్ కట్టే ఉద్దేశం లేకపోతే ఈ దారిలోకి రావడం డబ్బు దండగ.

ఇంకో సంగతి కూడా తెలుసుకుని కొనండి. ఈరోజు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ మీదే, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రహస్య రూపంలోనే, నడుస్తున్నాయి. లోపల ఏం వెళ్తోందో పెట్టె చూడాలంటే ప్రతి కంప్యూటర్‌లోనూ దాని సర్టిఫికెట్ వేయాలి. వేశాక బ్యాంకు సైట్లు, కొన్ని యాప్‌లు మొరాయిస్తాయి, వాటికి మినహాయింపులు రాస్తూ కూర్చోవాలి. ఆ ఓపిక ఉన్న మనిషి లేకపోతే, మీరు డబ్బు పెట్టి కొన్న వైరస్ తనిఖీలో పెద్ద భాగం పనిచేయదు.

6. స్పీడ్ అంకెలు, బిల్లు

ప్రతి పెట్టె కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఒక స్పీడ్ ఉంటుంది. అది తనిఖీలేవీ లేనప్పటి స్పీడ్. ఫోర్టిగేట్ 40ఎఫ్‌నే తీసుకోండి. ఫైర్‌వాల్ స్పీడ్ 5 జీబీపీఎస్ అని ఉంటుంది, వైరస్, దాడుల తనిఖీలు ఆన్ చేస్తే 600 ఎంబీపీఎస్. మీరు చూడాల్సింది రెండో అంకె, త్రెట్ ప్రొటెక్షన్ అన్న వరసలో ఉండేది. మీ లైన్ 100 ఎంబీపీఎస్ అయితే ఆ చిన్న మోడలే ఎక్కువ. ఇంకా పెద్దది అంటగట్టాలని చూస్తే ఒప్పుకోకండి.

విశాఖలో కొంటే బిల్లు మీద మీ ఒడిశా జీఎస్టీ నంబర్ వేయించండి. వేరే రాష్ట్రం కాబట్టి ఐజీఎస్టీ పడుతుంది, అది మామూలుగానే ఇన్‌పుట్ క్రెడిట్‌లో తీసుకోవచ్చు. వారంటీలో పాడైతే పెట్టెని ఎక్కడికి పంపాలో, బదులు పెట్టె ఇస్తారో ఇవ్వరో బిల్లు కట్టకముందే అడిగి రాయించుకోండి.

7. బిగించేటప్పుడు పక్కనే నిలబడండి

ఫైబర్ బాక్స్ నుంచి ఒక్క వైరు ఫైర్‌వాల్‌కి, ఫైర్‌వాల్ నుంచి స్విచ్‌కి, స్విచ్ నుంచి మిగతావాటికి. అంతే. ఫైబర్ బాక్స్ వెనక మిగిలిన పోర్టుల్లో ఇంకే వైరూ ఉండకూడదు. చాలాచోట్ల డీవీఆర్ వైరు ఒకటి అక్కడే మిగిలిపోతుంది. ఫైబర్ బాక్స్ వైఫై కూడా ఆపేయాలి, లేకపోతే ఆ వైఫై పట్టుకున్న ప్రతి ఫోనూ ఫైర్‌వాల్‌ని తప్పించుకుని వెళ్తుంది. వైఫై ఇకమీదట ఫైర్‌వాల్ వెనక పెట్టిన యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) నుంచే రావాలి.

వీలైతే ఫైబర్ బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే తాను రూటర్ పని చేయకుండా లైన్‌ని నేరుగా ఫైర్‌వాల్‌కి అందించేలా, పెట్టమని ఇంటర్నెట్ వాళ్లని అడగండి. కుదరదంటే గొడవ పడక్కర్లేదు, మామూలు వాడకానికి దాని వెనక ఫైర్‌వాల్ పెట్టినా నడుస్తుంది. అలాంటప్పుడు రెండింటి లోపలి చిరునామాలూ ఒకటే కాకుండా చూడాలి. ఫైబర్ బాక్స్‌ది 192.168.1 అయితే ఫైర్‌వాల్ లోపలిది 192.168.20 లాంటిది పెట్టించండి. రెండూ ఒకటైతే నెట్ రాదు, కారణం తెలియక అందరికీ టెన్షన్.

8. రూల్స్

నెట్‌వర్క్‌ని మూడు ముక్కలు చేయండి: బిల్లింగ్, కెమెరాలు, గెస్ట్ వైఫై. దీనికి వీల్యాన్ (ఒకే స్విచ్‌ని విడి నెట్‌వర్క్‌లుగా విడదీసే పద్ధతి) తెలిసిన స్విచ్ కావాలి, కొనేటప్పుడే అలాంటిది తీసుకోండి. బయటి నుంచి లోపలికి, కింద తొమ్మిదో అడుగులోని వీపీఎన్ తప్ప, అన్నీ బంద్. గెస్ట్ వైఫై నుంచి ఇంటర్నెట్‌కి మాత్రమే, బిల్లింగ్ వైపు అసలు వద్దు. కెమెరాల నుంచి బిల్లింగ్ వైపు వద్దు, బిల్లింగ్ కంప్యూటర్ నుంచి కెమెరాలు చూడొచ్చు. ఈ పెట్టెల్లో రూల్స్ పై నుంచి కిందికి చదవబడతాయి, మొదట ఏది సరిపోతే అదే అమలవుతుంది. "అన్నీ అనుమతించు" అన్న లైను పైన ఉంటే కింద ఎన్ని నిషేధాలు రాసినా వృథా. ప్రతి రూల్‌కీ ఎందుకు రాశారో ఒక ముక్క పక్కనే రాయించండి.

9. లెక్కల ఆయన, కెమెరాలు: వీపీఎన్ ద్వారానే

వీపీఎన్ అంటే బయటి నుంచి మీ నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొంత దారి. పాతపట్నం నుంచి వచ్చే ఆయనకి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టండి. పైన చెప్పిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ, మైక్రోటిక్ కొత్త వెర్షన్ 7, ఓపీఎన్‌సెన్స్, పీఎఫ్‌సెన్స్ అన్నిటిలోనూ అది ఉంది. తాళంచెవి లేనివాళ్లు తట్టినా జవాబే ఇవ్వదు, కాబట్టి వెతికేవాళ్లకి అక్కడేదో ఉందని కూడా తెలియదు. ఒక్కో మనిషికీ విడి తాళంచెవి ఇవ్వండి, పని మానేసినప్పుడు అతనిది మాత్రం తీసేస్తే సరిపోతుంది. యజమాని ఫోన్‌లో కెమెరాలు చూడటానికీ ఇదే దారి. మీరు ఉమ్మడి ఐపీ వెనక ఉంటే వైర్‌గార్డ్ నేరుగా పనిచేయదు, అప్పుడు స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదా టెయిల్‌స్కేల్ లాంటి సేవ వాడాలి.

సాఫ్ట్‌వేర్ వాళ్లు రిపేర్‌కి వాడే ఎనీడెస్క్ లాంటివి ఫైర్‌వాల్‌ని దాటుకుని వస్తాయి, ఎందుకంటే కనెక్షన్ లోపలి నుంచే మొదలవుతుంది. పని ఉన్నప్పుడు తెరిచి, అయిపోగానే మూసేయండి. శాశ్వత పాస్‌వర్డ్ పెట్టనివ్వకండి.

10. పరీక్ష, ఆ తర్వాత

షాపు కంప్యూటర్‌లోంచి ఏదైనా పోర్ట్ చెకర్ సైట్ తెరిచి 3389, 445, 8000, 37777, 80, 8291 ఒక్కొక్కటీ చూడండి. అన్నీ మూసి ఉన్నట్టే రావాలి. తర్వాత గెస్ట్ వైఫైలో ఫోన్ పెట్టి టాలీ కంప్యూటర్ ఐపీని, ఫైర్‌వాల్ సెట్టింగ్స్ పేజీని తెరిచి చూడండి, రెండూ రాకూడదు.

లాగ్‌ల (ఎవరు ఎప్పుడు ఎక్కడికి కనెక్ట్ అయ్యారో రాసుకునే చిట్టా) విషయం కూడా మొదటి రోజే తేల్చుకోండి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో సంస్థలు లాగ్‌లు 180 రోజులు దాచాలని, దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో తెలియజేయాలని ఉంది. చిన్న రూటర్లలో కరెంట్ పోతే లాగ్‌లు చెరిగిపోతాయి, వాటిని లోపలి ఒక కంప్యూటర్‌కి పంపేలా పెట్టించండి. డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మన వైపు కరెంట్ సంగతి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను గజపతి జిల్లాని ఎలా ఊడ్చేసిందో చూసినవాళ్లం. ఫైబర్ బాక్స్, ఫైర్‌వాల్, స్విచ్ మూడూ ఒకే యూపీఎస్ మీద పెట్టండి. వేసవిలో పిడుగుల వాన వచ్చేలా ఉంటే, అది మొదలవకముందే ఆరుబయట నుంచి వచ్చే కెమెరా వైర్లు తీసేయండి, ఫైబర్‌లో పిడుగు రాదు గానీ రాగి వైర్లలో వస్తుంది. సెట్టింగ్స్ మార్చిన ప్రతిసారీ బ్యాకప్ ఫైల్ ఒక పెన్‌డ్రైవ్‌లోకి దించి, దాన్నీ పాస్‌వర్డ్ రాసిన కాగితాన్నీ ఇంట్లో బీరువాలో పెట్టండి, షాపులో వద్దు. పెట్టె కాలిపోయినా అదే మోడల్ ఇంకోటి తెచ్చి ఆ ఫైల్ ఎక్కిస్తే గంటలో బిల్లింగ్ మళ్లీ మొదలవుతుంది.